ఎండాకాలంలో ఇంటిల్లిపాదీ ట్రావెలర్ ఎక్కి మన సీమ చుట్టి రావాలంటే

పిల్లోళ్లకు సెలవులిచ్చేది ఏప్రిల్ ఆఖర్లో, మల్ల బడి తెరిచేది జూన్ రెండో వారంలో, అంటే ఇంట్లో అందరూ కలిసి ఎటైనా పోవాలంటే మనకు దొరికేది సరిగ్గా నంద్యాల, కర్నూలు 43, 44 డిగ్రీలు కాగే రోజులే. అందుకే చానామంది ఊటీ అనో కొడైకెనాల్ అనో పోతారు. పోండి, తప్పేం లేదు. కానీ బేలం గుహలు, గండికోట, తాడిపత్రి గుళ్లు, బొమ్మనహాళ్ దిక్కు ఇసక దిబ్బలు ఇంటి పక్కనే పెట్టుకుని, ఎండకు భయపడి వాటిని ఒక్కసారి కూడా చూడకుండానే మన పిల్లోళ్లు పెద్దోళ్లయిపోతా ఉంటే నాకు బాధగా ఉంటది. ఎండాకాలంలో కూడా జేజిని, అబ్బను, చంటిబిడ్డను తీసుకుని హాయిగా తిరిగి రావచ్చు, కాకపోతే ఒక్క షరతు, పొద్దున 11 నుంచి సాయంత్రం 4 దాకా బండి కదలకూడదు, మనుషులు నీడ వదలకూడదు. ఇంక మీరు వేసుకునే ప్లాన్ అంతా దీని చుట్టూనే వేసుకోవాల. ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని ఊర్లు అనేది తర్వాత.

ముందు బండి సంగతి. అమెరికాలో ఉండే మనోళ్లు ఆర్వీ అని ఫోటోలు పెడతా ఉంటారు, లోపలే పడకలు, వంటగది, బాత్రూమ్ అన్నీ ఉండే బండి. మన దిక్కు అట్లాంటివి అద్దెకు దొరికేది చానా తక్కువ, దొరికినా రేటు ఎక్కువ. మనకు సరిపోయేది టెంపో ట్రావెలరే. ఎనిమిది మంది ఉంటే 12 సీట్లది తీసుకోండి, తక్కువ సీట్లదాంట్లో ఇరుక్కోవద్దు, ఎందుకంటే మిగిలిన సీట్లలోనే మీ నీళ్ల క్యాన్లు, పరుపులు, గిన్నెలు అన్నీ పోవాల, నెత్తిన క్యారియర్ మీద వేస్తే ఎండకు అన్నీ ఉడికిపోతాయి. బండి మాట్లాడేటప్పుడు పసుపు నంబర్ ప్లేట్ ఉందా, ఇన్సూరెన్స్ ఉందా చూడండి. బొమ్మనహాళ్ దిక్కు పోయేటప్పుడు బళ్లారి రోడ్డెక్కే పని పడొచ్చు, కాబట్టి కర్ణాటకలోకి పోయే పర్మిట్ ఉందా అని కూడా అడగండి. ఏసీ మాత్రం మాటల్తో నమ్మొద్దు, మధ్యాన్నం ఒంటిగంటకు బండి దగ్గరికి పోయి, ఎండలో నిలబడి ఉన్న బండిలో ఏసీ వేయించి, చివరి సీట్లో పది నిమిషాలు కూర్చోండి. చివరి సీటుకు చల్లగాలి వస్తే ఆ బండి తీసుకోండి, రాకపోతే ఇంకోటి చూసుకోండి.

రేటు మామూలుగా కిలోమీటరుకు ఇంత అని, రోజుకు తక్కువలో తక్కువ ఇన్ని కిలోమీటర్లు అని, దానిమీద డ్రైవర్ బత్తా, టోల్, పార్కింగ్ వేరే అని మాట్లాడతారు. మనం తిరిగేది తక్కువ దూరాలు కాబట్టి ఆ కనీస కిలోమీటర్ల లెక్క దగ్గరే గట్టిగా బేరం ఆడాల. ఇంకో మాట, డ్రైవర్ అన్నకు రాత్రి ఫ్యాన్ ఉండే చోట పడక చూపించండి. చానామంది ఆయన్ని బండిలోనే పడుకోమంటారు, మే నెలలో మూసిన బండిలో మనిషికి నిద్ర ఎట్ల పడుతుంది చెప్పండి, నిద్ర లేని మనిషి తెల్లారుజామున నాలుగుకు స్టీరింగ్ పట్టుకుంటే మన ఇంటిల్లిపాది ప్రాణం ఆయన కళ్ల మీదే కదా ఉండేది. రూమ్ తీసుకుంటే ఆయనకూ కలిపే తీసుకోండి.

టైర్లు. ఎండాకాలంలో రోడ్డు మీద జరిగే ఘోరాల్లో టైర్ పగలడం పెద్దది, అందులోనూ గాలి తక్కువున్న టైరే ఎక్కువ పగుల్తుంది, ఎందుకంటే గాలి తక్కువుంటే టైరు పక్కలు నలిగి నలిగి వేడెక్కుతాయి, కింద రోడ్డు వేడి దానికి తోడవుతుంది. గాలి పొద్దున్నే బండి కదలకముందు చల్లగా ఉన్నప్పుడు చూపించాల, కంపెనీ స్టిక్కర్ మీద రాసినంతే పెట్టించాల. మధ్యాన్నం చూపిస్తే మీటర్ ఎక్కువ చూపిస్తుంది, అది చూసి కొందరు గాలి తీసేస్తారు, అట్ల చేయొద్దు, టైరు చల్లబడ్డాక అది తక్కువైపోతుంది. టైరు పక్కన చిన్న గుండ్రటి గడిలో నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం, 1419 అని ఉంటే 2019 లో 14వ వారం తయారైందని. ఐదారేళ్లు దాటిన టైర్లుంటే పైకి ఎంత బాగున్నా ఎండాకాలం ట్రిప్‌కు ఆ బండి వద్దు. స్టెప్నీ కూడా ఇట్లనే చూడండి, జాకీ ఉందో లేదో కళ్లారా చూడండి.

ఇంజిన్ వేడెక్కి ముల్లు పైకి పోతా ఉంటే ముందు ఏసీ ఆపేసి, కిటికీలు తీసి, హీటర్ ఫుల్‌గా వేయమనండి, వినడానికి విచిత్రంగా ఉంటుంది కానీ ఇంజిన్ వేడిని అది బయటికి లాగుతుంది, రెండు నిమిషాలు ఓర్చుకుంటే నీడ దొరికే చోటు దాకా పోవచ్చు. అప్పటికీ ముల్లు దిగకపోతే నీడ కోసం చూడకుండా పక్కకు ఆపేయాల్సిందే. ఆపినాక రేడియేటర్ మూత మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు, లోపల ఒత్తిడితో మరిగే నీళ్లు ముఖం మీద చిమ్ముతాయి. అరగంటైనా ఆగాల. కూలెంట్ ఒక లీటర్ డబ్బా బండిలో పెట్టుకోండి.

ఇప్పుడు దారి. అనంతపురం నుంచి మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది, మొదటి రోజు ఇసక దిబ్బలు. బొమ్మనహాళ్ మండలంలో దర్గా హొన్నూరు, గోవిందవాడ దిక్కు పోతే నిజంగా రాజస్థాన్‌లో ఉన్నట్టే ఇసక దిబ్బలు ఉంటాయి. వేదవతి నదిని ఆడ హగరి అంటారు, ఆ నది ఎండిపోయి ఇసక తేలిపోతే, గాలికాలంలో ఆ ఇసక లేచి వచ్చి పొలాల మీద పడి దిబ్బలైపోయింది. అనంతపురం ఎందుకింత ఎండిపోయిందో పిల్లోళ్లకు చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు లేదు, నైరుతి వానలు పడమటి కనుమల అవతలే సగం కురిసేసి వస్తాయి, ఈశాన్య వానలు తూర్పు సముద్రం నుంచి ఇంత దూరం వచ్చేసరికి అయిపోతాయి, మధ్యలో మనం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన అంటే బడిలో స్కేలు పట్టుకుని చూపించొచ్చు.

దిబ్బల దగ్గరికి తెల్లారేసరికి చేరాల, ఎనిమిదిన్నరకల్లా వెనక్కి రావాల, ఆ తర్వాత ఇసక మీద కాలు పెట్టలేరు. అవి రైతుల పొలాలు, ఆ ఇసకతో వాళ్లు పడిన కష్టం చిన్నది కాదు, అందుకని ఊర్లో ఎవర్నైనా అడిగి, పైరు తొక్కకుండా, ప్లాస్టిక్ పడేయకుండా పోండి. ట్రావెలర్‌ను ఇసకలోకి దింపొద్దు, గట్టి రోడ్డు మీదే ఆపి నడవండి. ఒకవేళ దిగబడితే ఎక్స్‌లేటర్ తొక్కే కొద్దీ ఇంకా లోతుకు పోతుంది, ఆపేసి టైర్ల ముందర ఇసక చేత్తో తీసి, టైర్లలో గాలి కొంచెం తగ్గించి, గోనెసంచులు పరిచి, చిన్నగా ఫస్ట్ గేర్‌లో బయటికి తీసుకురావాల. మల్ల గాలి పట్టించనిదే మెయిన్ రోడ్డు ఎక్కొద్దు. నాలుగు గోనెసంచులు, సిగరెట్ లైటర్ పాయింట్‌కు పెట్టుకునే చిన్న గాలి మిషన్ ఒకటి ఉంటే ఆ పని తేలిక. తిరుగుదారిలో ఉరవకొండ దగ్గర పెన్న ఒడ్డున పెన్నహోబిలం నరసింహస్వామి గుడి ఉంది, దర్శనం చేసుకుని సాయంత్రం నాలుగు దాకా ఆడనే చెట్ల కింద ఉండొచ్చు. దారిలో కొండల మీద గాలిమరలు కనిపిస్తాయి, పిల్లోళ్లు లెక్కపెట్టుకుంటా వస్తారు.

రెండో రోజు తాడిపత్రి. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడు, ఊర్లో చింతల వెంకటరమణుడు, రెండు గుళ్లూ విజయనగర కాలంనాటివి, ఆ రాతి చెక్కడాలు చూసేదానికి పొద్దున వెలుతురే బాగుంటుంది. గుడిలో బండలు తొమ్మిదిన్నర దాటితే పెనం మాదిరి కాలుతాయి, చెప్పులు విడవాల్సిందే కాబట్టి అందరికీ మందపాటి నూలు సాక్సులు పెట్టుకోండి, ముఖ్యంగా షుగర్ ఉన్న పెద్దోళ్లకు, వాళ్లకు కాలు కాలేది కూడా తెలియదు, ఇంటికొచ్చినాక బొబ్బలు చూసుకుంటారు. లేపాక్షిలో కూడా ఇదే మాట. లేపాక్షి, కదిరి దిక్కుండే తిమ్మమ్మ మర్రిమాను మాత్రం ఈ చుట్టులో కలపొద్దు, అవి దక్షిణం దిక్కు, వేరే రెండు రోజులు పెట్టుకోండి. తిమ్మమ్మ మర్రిమాను 1989 లో గిన్నిస్ బుక్కులోకి ఎక్కింది, దాదాపు ఐదెకరాల నీడ, ఎండాకాలం మధ్యాన్నం గడపాలంటే సీమలో అంతకంటే మంచి చోటు నేను చూడలేదు.

తాడిపత్రి నుంచి బేలం దగ్గరే. అందరూ చేసే పొరపాటు, గుహలు కదా చల్లగా ఉంటాయి, మధ్యాన్నం అంతా లోపలే గడపొచ్చు అనుకోవడం. బేలంలో ఎండ ఉండదు గానీ ఉక్క ఉంటుంది, లోపలికి పోయే కొద్దీ చెమట కారిపోతుంది. గుహ మొత్తం పొడవు 3229 మీటర్లు, మనల్ని పోనిచ్చేది దాదాపు ఒకటిన్నర కిలోమీటర్, అట్టడుగున పాతాళగంగ అనే నీళ్ల ఊట. 1884 లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే ఇంగ్లీషు దొర దీని గురించి రాసినాడు, మల్ల 1980ల్లో జర్మనీ వాళ్లు వచ్చి కొలతలు తీసినారు, ఆ తర్వాతే టూరిజం వాళ్లు లైట్లు పెట్టి దారి చేసినారు. ఆయాసం, గుండె జబ్బు ఉన్నవాళ్లను ముందు హాళ్ల దాకా తీసుకుపోయి వెనక్కి పంపండి, పాతాళగంగ దాకా లాక్కుపోవద్దు. మనిషికి ఒక నీళ్ల బాటిల్, ఒక చిన్న తువ్వాల చేతిలో ఉండాల. తెరిచే టైము, టికెట్లు ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

సాయంత్రం నాలుగున్నర తర్వాత జమ్మలమడుగు మీదుగా గండికోట. పెన్న ఎర్రమల కొండల్ని చీల్చుకుని పోయిన లోయ, కోట లోపల మాధవరాయస్వామి గుడి, రంగనాథుని గుడి, జామియా మసీదు, ధాన్యాగారం అన్నీ నడిచే దూరంలోనే. లోయ అంచుకు చానా చోట్ల గోడ లేదు, రెయిలింగ్ లేదు, సాయంత్రం గాలి గట్టిగా కొడుతుంది, కాబట్టి సెల్ఫీలు అంచుకు పదడుగులు ఇవతలే, ఒక్కో పిల్లోడికి ఒక్కో పెద్దమనిషి అని ముందే పంచుకోండి, అందరూ చూస్తా ఉన్నారులే అంటే ఎవరూ చూడరు. రాత్రి ఉండాలంటే టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉంది, సెలవుల్లో ముందే బుక్ చేసుకోవాల, టెంట్లు అద్దెకిచ్చేవాళ్లు కూడా ఉన్నారు. టెంట్ వేసుకునేవాళ్లకు ఒక మాట, బండరాయి మీద వేసుకోవద్దు, పగలంతా కాగిన రాయి పొద్దుపోయినాక కూడా చానాసేపు సెగ వదుల్తానే ఉంటుంది, మన్ను నేల చూసుకోండి. చెప్పులు, బూట్లు పొద్దున దులిపి వేసుకోండి, తేళ్లుంటాయి. రాత్రి టార్చ్ లేకుండా ఎవరూ అడుగు పెట్టొద్దు. పాము కరిస్తే కోయడం, కట్టు బిగించడం, ఆకుపసరు ఏదీ వద్దు, మనిషిని కదలనీయకుండా 108 కు ఫోన్ చేసి గవర్నమెంట్ ఆస్పత్రికి తీసుకుపోవాల. లోయ అంచు నుంచి తెల్లారి సూర్యుడు వచ్చేది చూడాల, అది చూసి ఏడుకల్లా బయల్దేరండి.

మూడో రోజు బనగానపల్లె, యాగంటి, మహానంది, అట్నుంచి కర్నూలు. మే నెల అంటే బనగానపల్లె మామిడికాయ కాలం, ఆ పండుకు 2017 లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి సరుకే అని సర్కారు ఇచ్చే గుర్తింపు, వచ్చింది, పుట్టిన ఊర్లోనే కొనుక్కోండి. యాగంటిలో కోతులు చానా ఎక్కువ, పిల్లోళ్ల చేతిలో తినేది ఏదీ పెట్టొద్దు. మహానందిలో కోనేటి నీళ్లు ఐదడుగుల లోతు, ఊట నీళ్లు, ఎండాకాలం చల్లగా, అడుగున రూపాయి బిళ్ల కనిపించేంత తేటగా ఉంటాయి, ఆ ట్రిప్‌లో పిల్లోళ్లు చివరిదాకా చెప్పుకునేది ఆ స్నానమే. మధ్యాన్నం 11 నుంచి 4 దాకా ఆడనే పెట్టుకోండి. కానీ కెనాళ్లలో, డ్యాముల్లో, పెన్నలో మాత్రం ఎవర్నీ దిగనీయొద్దు. సాయంత్రం పొద్దు గుంకే ముందు కర్నూలు దారిలో ఓర్వకల్లు రాళ్ల తోట ఒక గంట చూసి ఇంటికి పోవచ్చు.

నీళ్లు. తాగేదానికే మనిషికి రోజుకు నాలుగు లీటర్లు అని లెక్క వేసుకోండి, ఎనిమిది మందికి 32 లీటర్లు, కాళ్లు చేతులు కడగడానికి, బాత్రూమ్‌కు వేరే. 20 లీటర్ల క్యాన్లు రెండు ఎప్పుడూ నిండి ఉండాల, ఒకటి అయిపోతానే తర్వాతి ఊర్లో మార్చుకోవాల, రెండోది కూడా అయిపోయేదాకా చూడొద్దు. బండిలో ఒక మట్టి కుండ పెట్టి తడిగుడ్డ చుట్టండి, ఫ్రిజ్ లేని లోటు తెలియదు. దాహం వేసినప్పుడు తాగుదాం అంటే కుదరదు, పెద్దోళ్లకు దాహం సరిగ్గా తెలియదు, బాత్రూమ్‌కు పోవాల్సి వస్తుందని ఆడవాళ్లు తాగరు, కాబట్టి అరగంటకోసారి గ్లాసు చేతికిచ్చే పని ఒక పదేళ్ల పిల్లకో పిల్లోడికో అప్పజెప్పండి, వాళ్లు చానా శ్రద్ధగా చేస్తారు. ఓఆర్ఎస్ ప్యాకెట్ ఒక లీటర్ నీళ్లకు ఒకటి మొత్తం కలపాల, సగం సగం కలపొద్దు, 24 గంటలు దాటితే పారబోయాల. ప్యాకెట్ లేకపోతే లీటర్ నీళ్లకు ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు. మజ్జిగ, నన్నారి షర్బత్, కళింగరకాయ, తాటిముంజలు ఇవన్నీ దారిపొడుగునా దొరుకుతాయి, రంగు నీళ్ల సీసాలు కొనే పని లేదు.

బాత్రూమ్ గురించి మొగోళ్లు ప్లాన్‌లో రాయరు, అందుకే ఆడవాళ్లు నీళ్లు తాగరు, అందుకే వాళ్లకే ముందు కళ్లు తిరుగుతాయి. కర్నూలు, అనంతపురం మధ్య పెద్ద హైవే మీద పెట్రోల్ బంకుల్లో ఇబ్బంది లేదు, కానీ బొమ్మనహాళ్, బేలం, జమ్మలమడుగు రోడ్లలో యాడంటే ఆడ ఉండవు. మడిచి పెట్టుకునే కమోడ్ కుర్చీ ఒకటి, బట్టలు మార్చుకునే చిన్న నిలువు టెంట్ ఒకటి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, మోకాళ్ల నొప్పులున్న జేజికి ఇవి ఏసీ కంటే పెద్ద సుఖం. నేలలో చిన్న గుంత తీసేదానికి ఒక పార, మన్ను కప్పేయడం, అంతే.

తిండి సంగతికొస్తే మన సీమ తిండి ప్రయాణానికే పుట్టిందని నాకు అనిపిస్తుంది. ఎండు జొన్నరొట్టెలు రోజుల తరబడి చెడిపోవు, చెనిక్కాయల పొడి, ఎర్రకారం, ఉల్లిగడ్డ ఉంటే ఒక పూట గడిచిపోతుంది. బొరుగులు పెద్ద మూట పెట్టుకుంటే పొద్దున ఉగ్గాని పది నిమిషాల్లో అయిపోతుంది. చింతపండు పులిహోర రాత్రి చేసుకుంటే మరుసటి రోజు మధ్యాన్నానికి కూడా బాగుంటుంది. కొబ్బరి చట్నీ, కొబ్బరన్నం, పప్పు, మాంసం ఈ వేడికి నిలవవు, బండిలో పెట్టుకోవద్దు. పెరుగన్నం కావాలంటే తెల్లారి ఉడుకన్నంలో పాలు పోసి, గోరువెచ్చగా అయినాక ఒక స్పూన్ పెరుగు కలిపి డబ్బాలో పెట్టండి, మధ్యాన్నానికి తోడుకుని కమ్మగా ఉంటుంది, పులవదు.

వండుకునేవాళ్లు ఐదు కిలోల చిన్న సిలిండర్ పెట్టుకోవచ్చు, కానీ బండి కదిలేటప్పుడు రెగ్యులేటర్ తీసేసి మూత పెట్టి నిలబెట్టి తాడుతో కట్టాల, ఎండలో బండి నిలబెట్టినప్పుడు సిలిండర్ దింపి నీడలో పెట్టాల. బండి లోపల వంట ఎప్పుడూ వద్దు. ఎండాకాలం బోద గడ్డి ఒక్క నిప్పురవ్వకే అంటుకుంటుంది, స్టవ్ చుట్టూ నేల శుభ్రం చేసి పక్కన ఒక బకెట్ నీళ్లు పెట్టండి. సెంటు బాటిళ్లు, లైటర్లు, పవర్ బ్యాంకులు డ్యాష్‌బోర్డ్ మీద వదిలేయొద్దు.

మందులు. ఇన్సులిన్ వాడే పెద్దోళ్లుంటే సీసాను చిన్న డబ్బాలో పెట్టి ఆ డబ్బాను తడిగుడ్డ చుట్టిన కుండలో పెట్టండి, ఐస్‌కు తగలనీయొద్దు, గడ్డకడితే అది పనికిరాదు. బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువ పోయేవి కొన్ని ఉంటాయి, ట్రిప్‌కు ముందు డాక్టర్‌ను ఒకసారి అడగండి. వడదెబ్బ గుర్తు పట్టేది ఇట్ల, ఒళ్లు కాలిపోతా ఉంటుంది, మాట తడబడుతుంది, మనిషి ఏదేదో మాట్లాడతాడు, ఒక్కోసారి చెమట కూడా ఆగిపోతుంది. అప్పుడు మాత్రలు వెతుక్కుంటా కూర్చోవద్దు, నీడకు తెచ్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోసి విసరాల, ఇంకొకరు 108 కు ఫోన్ చేయాల. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు. నిద్రపోతున్నాడు కదా అని చంటిబిడ్డను ఆపిన బండిలో ఐదు నిమిషాలు కూడా వదలొద్దు, మూసిన బండిలో పది నిమిషాలకే పది డిగ్రీల దాకా వేడి పెరుగుతుంది. దిగేటప్పుడు తలలు లెక్కపెట్టండి. నేషనల్ హైవే మీద బండి ఆగిపోతే హైవే వాళ్ల నంబర్ 1033 కు ఫోన్ చేయండి.

మే నెలలో సాయంత్రాలు ఉన్నట్టుండి గాలి దుమారం లేచి ఉరుములు మెరుపులతో వాన పడుతుంది. గండికోట అంచున గానీ, ఒంటరి చెట్టు కింద గానీ ఉంటే వెంటనే బండిలోకి వచ్చి అద్దాలు ఎత్తేసుకోండి, ఇనుప బాడీ ఉన్న బండి లోపల పిడుగు భయం తక్కువ. మీరున్న చోట చినుకు పడకపోయినా పైన కొండల్లో వాన పడితే ఎండిపోయిన వంక ఒక్కసారిగా ఎర్రనీళ్లతో పొంగుతుంది. లోతు లేదులే, ముందు లారీ పోయింది కదా అని డ్రైవర్ అన్నా, మామ అన్నా వినొద్దు, ఆ నీళ్లు తగ్గేదాకా ఇవతలి గట్టునే ఆగండి, గంట ఆలస్యమైతే రూమ్ వాళ్లకు ఫోన్ చేసి చెప్తే సరిపోతుంది.